బావి సినిమాలో ఆఖరి మాట

సమాధి రాయి మీద సినిమా మాటేమిటని బావమరిది జాకబ్ అడిగిన రోజున త్రినాధరావు అతనితో మాట్లాడడం మానేశాడు. అది భార్య తబితా పోయిన ఏడాదికి. ఇప్పుడు రెండో ఏడూ నిండవచ్చింది గాని రాయి మీద ఒక్క అక్షరం పడలేదు. నల్లరాయి నునుపు తేలి, రాళ్లు చెక్కేవాడి పాకలో గోడకి చేరబడి ఉంది. జాకబ్‌కి బైబిలు వాక్యం కావాలి. త్రినాధరావుకి ఒకటే మాట కావాలి: "నువ్వు తవ్వుతూ ఉండు. నేను బిందె తెస్తాను." పాస్టరు గారు ఇద్దరి వాదనా విని, ఇద్దరూ ఒప్పుకుని సంతకాలు పెట్టిన కాగితం తెస్తేనే సమాధుల తోటలో రాయి నిలబెట్టనిస్తానని తేల్చేశాడు.

ఆ మాట ఒక బల్గేరియా సినిమాలోది. సినిమా పేరు త్రినాధరావుకి నోరు తిరగదు. మొగుడూ పెళ్లాలిద్దరూ దాన్ని బావి సినిమా అనుకునేవారు.

త్రినాధరావు పుట్టింది చీడికాడ పక్క పల్లెలో. చదివింది ఏడో తరగతి. పదిహేడో ఏట అనకాపల్లి వచ్చి టాకీసులో రేకు డబ్బాలు మోశాడు, రీళ్లు చుట్టాడు, ఆపరేటరయ్యాడు. ముప్పై రెండేళ్లు ప్రొజెక్టర్ గదిలో, దీపం బదులు మండే కార్బన్ కడ్డీల పొగ మింగి బతికాడు. తెలుగు గడగడా చదువుతాడు. ఇంగ్లీషు కూడబలుక్కుంటాడు. కూడబలుక్కునేలోపు తెర మీద మాట వెళ్లిపోతుంది.

ఎనభైల్లో ఊళ్లో నలుగురు మేష్టర్లు, ఒక బ్యాంకు గుమాస్తా కలిసి ఫిల్మ్ సొసైటీ పెట్టారు. నెలకో ఆదివారం పొద్దుటి ఆట. దేశదేశాల సినిమాలు విశాఖపట్నం నుంచి రైల్లో దిగేవి. కింద హాల్లో ముప్పై మంది. పైన గదిలో ఇద్దరు. త్రినాధరావు, తబితా.

తబితాది తుమ్మపాల. తండ్రిది చక్కెర ఫ్యాక్టరీలో పని. ఆమె ఊళ్లో బడిలో ఇంగ్లీషు చెప్పేది. కులం కాని, మతం కాని వాణ్ణి చేసుకుందని రెండు వైపులా తిట్టిపోశారు. ఆ ఆదివారం మాత్రం ఆమె చర్చి మానేసి, ఇనప మెట్లెక్కి వచ్చి, అతని కుడిపక్కన స్టూలేసుకుని, హాల్లోకి చూసే గోడలో రెండో కంతకి కన్నానించేది. తెర అడుగున పడే తెల్లక్షరాలు చదివి అతని చెవిలో తెలుగులో చెప్పేది. మిషన్ల రొదలో మామూలుగా చెబితే వినపడదు. నోరు చెవికి ఆనించి చెప్పాల్సిందే.

మొదటి రోజునే అతను పని పంచేశాడు.

"ముందు మాటాడీది ఎవుడో సెప్పు. తరవాత మాట సెప్పు. ఏడుత్తన్నాడా నవ్వుతన్నాడా అన్నది నాకొగ్గీ. మొహాలు నేను సూసుకుంటాను."

తబితా సరేనంది. ఇంగ్లీషు మేష్టరమ్మకి ఏడో తరగతి వాడు నేర్పిన పాఠం అది. మాట ఆమెది, మొహం అతనిది. పదకొండేళ్ల పాటు, సొసైటీ మూతపడేదాకా, అలాగే చూశారు.

అలా చూసిన సినిమాలే సినిమాలని త్రినాధరావు లెక్క. జపాన్ వాళ్ల గొడుగు సినిమా ఉంది. గొడుగులు బాగుచేసే ముసలాడు. గంటన్నర సేపు వాన. ఆఖరి పది నిమిషాలు ఎండ. వీధిలో జనం తిరుగుతుంటారు, ఇతని గుమ్మం ఎవడూ ఎక్కడు. ముసలాడు బాగైపోయిన గొడుగునే విప్పి మళ్లీ కుడతాడు. అంతే కథ. అదే గొడుగు మన తెలుగు హీరో చేతికిస్తే దాంతో నలభై మందిని పొడిచి, ఆ పైన వానలో డాన్సు కట్టేవాడు. ఇరాన్ వాళ్ల అద్దం సినిమా ఉంది. లారీ డ్రైవరు పెళ్లివారి నిలువుటద్దాన్ని కొండ మీది ఊరికి చేరేయాలి. దారి పొడుగునా అద్దంలో ఆకాశం, గొర్రెలు, చెక్‌పోస్టు జవాన్ల మొహాలు. చూసేవాడు ప్రతి గుంట దగ్గరా అద్దం పగులుతుందని బిగబట్టుకుంటాడు. పగలదు. ఊరు చేరాక పెళ్లికూతురు అందులో చూసుకుని, దాన్ని గోడవైపు తిప్పేస్తుంది. పగలగొట్టకుండా ఉండడానికి దమ్ముండాలని త్రినాధరావు అంటాడు. సెనెగల్ వాళ్ల ఉప్పు సినిమాలో ఒకామె ఉప్పు పలకలు గాడిద మీదేసుకుని సంతకి పోతుంటే మబ్బు పడుతుంది. ఒంటి మీది దుప్పటి తీసి ఉప్పుకి కప్పేసి, తను తడుస్తూ నిలబడుతుంది. కెమెరా దగ్గరికి పోదు. దూరంగా, మర్యాదగా ఉండిపోతుంది. మర్యాద తెలిసిన కెమెరాని అతను ఆ తర్వాత చూడలేదు.

అన్నిటికన్నా పైది బావి సినిమా. రాళ్ల నేల. నీళ్లు లేని ఊరు. ఒకడు ఒకేచోట పదకొండేళ్లు బావి తవ్వుతాడు. పెళ్లాం పైన నిలబడి మట్టి బుట్ట తాడుతో లాగి పోస్తుంది. ఊరంతా నవ్వుతుంది. ఆఖర్న ఆమె బావి అంచుకొచ్చి నాలుగు మాటలు చెప్పి, దారి పట్టుకుని వెళ్లిపోతుంది. లోపల గునపం చప్పుడు మళ్లీ మొదలవుతుంది. తెర నల్లబడుతుంది. ఆ నాలుగు మాటలే తబితా చెవిలో చెప్పింది: "నువ్వు తవ్వుతూ ఉండు. నేను బిందె తెస్తాను." నీళ్లు పడ్డాయా లేదా చూపించరు. చూపించక్కర్లేదు. పెళ్లాం బిందె కోసం వెళ్లిందంటే నీళ్లు పడ్డట్టే.

తబితా పోయిన రాత్రి నుంచి అతను ఆ మాట పట్టుకునే నిలబడ్డాడు. బిందె తేవడానికెళ్లింది. అంతే.

ఇప్పటి సినిమాలంటే అతనికి డోకు. హీరో తలుపు తీసుకుని లోపలికి రావడానికి నాలుగు నిమిషాలు, దానికి వంద డప్పులు. అంతకన్నా డోకు అయ్యప్పని చూస్తే. అయ్యప్ప పెళ్లిళ్లకి తెరలు, సౌండు బాక్సులు అద్దెకిచ్చే కుర్రాడు. ప్రపంచ సినిమాలన్నిటినీ పది నిమిషాల్లో చెప్పేస్తానని ఫోన్లో ఛానల్ పెట్టాడు. ఒకరోజు టీకొట్టు దగ్గర జనం మూగి ఆ ఛానల్లో అద్దం సినిమా వింటున్నారు. "ఫ్రెండ్స్, ఇప్పుడు మన డ్రైవర్ మావ ఏం చేత్తాడంటే" అంటోంది ఫోను. త్రినాధరావు గ్లాసు కింద పెట్టేశాడు.

"ఒకడు నమిలి ఊసిన సెరుకుపిప్పిరా అది. అదట్టుకెల్లి మీరు నోట్లో ఎట్టుకుంతన్నారు. సిగ్గు నేదా?"

ఎవరూ సిగ్గుపడలేదు. అయ్యప్ప ఆ మాట ఎవరో చెబితే విని, నవ్వి ఊరుకున్నాడు.

ఇలాంటి సమయంలో రాజేంద్రప్రసాద్ అనే కామర్స్ లెక్చరరు ఇంటికొచ్చాడు. ఊళ్లో మళ్లీ పెట్టిన ఫిల్మ్ క్లబ్ వాళ్లలో ఒకడు. పాత టాకీసే ఇప్పుడు ఫంక్షన్ హాలు, అందులోనే ఆదివారం పొద్దున్న ఆట.

"ఈ నెల మీ సెలెక్షన్ వేద్దామండి ఆపరేటర్ గారూ. వరల్డ్ సినిమాలో మీకు బాగా నచ్చింది ఒకటి చెప్పండి. ముందు ఒక పది నిమిషాలు దాని గురించి మాట్లాడాలి మీరు."

త్రినాధరావు ఒకసారి ఆ క్లబ్బుకి వెళ్లి మధ్యలో లేచొచ్చిన మనిషి. మళ్లీ గడప తొక్కనని చెప్పబోయి ఆగాడు. లేచి, బీరువాలోంచి సొసైటీ వాళ్ల పాత సైక్లోస్టైల్ కాగితం తీసి లెక్చరరు చేతిలో పెట్టాడు. బావి సినిమా పేరు దాని మీద ఉంది.

వారంలో కబురొచ్చింది. క్లబ్బులో సుప్రియ అని ఒక అమ్మాయి, పరవాడ మందుల కంపెనీలో కెమిస్టు, ఆ సినిమా ఎక్కడో వెతికి పట్టుకుంది. అంతేకాదు, మాటలన్నీ తెలుగులో రాసి తెర అడుగున వేస్తోంది. కంపెనీ బస్సులో పోతూ వస్తూ ఫోన్లో రాస్తోందట.

త్రినాధరావు పాస్టరు ద్వారా జాకబ్‌కి కబురు పెట్టాడు. వచ్చి సినిమా చూడమను. చూశాక కూడా బైబిలు వాక్యమే కావాలంటే అదే చెక్కించుకోమను. నేను నోరెత్తను.

జాకబ్ వస్తానన్నాడు.

*

ఫంక్షన్ హాలు మెట్ల దగ్గర ప్లాస్టిక్ పూల ద్వారం ఇంకా విప్పలేదు. లోపల ముందు రోజు పెళ్లి బిరియానీ జిడ్డు వాసన, దాని మీద కొట్టిన సెంటు వాసన. కుర్చీలకి తెల్ల గుడ్డలు తొడిగి వెనక రిబ్బన్లు కట్టి ఉన్నాయి. పైన తన ప్రొజెక్టర్ గది కంతల్లో ఏసీ గొట్టాలు దూర్చారు. మిషను టీపాయి మీదుంది. టిఫిన్ క్యారియరంత లేదు. దాని పక్కన అయ్యప్ప వైర్లు పీకి పెడుతున్నాడు.

"రండి మావయ్యా, ముందు కుర్చీ మీదే."

త్రినాధరావు వెళ్లి కూర్చున్నాడు. నలభై మంది దాకా వచ్చారు. సగం మంది ఫోన్లలో ఉన్నారు. వెనక వరసలో సమోసాలు పంచుతున్నారు. జాకబ్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి చివరి కుర్చీలో కూర్చున్నాడు. ఇద్దరూ చూసుకున్నారు, పలకరించుకోలేదు.

లెక్చరరు పరిచయం చేశాక త్రినాధరావు మైకు వద్దని నిలబడ్డాడు.

"సమోసా తినీవోళ్లు బయటకెల్లి తినొచ్చీండి. నేను ఆగుతాను."

కొందరు నవ్వారు. ఇద్దరు నిజంగానే లేచి వెళ్లారు.

"సినిమా అంటే మొహం. బాస తెల్సక్కర్నేదు. ఆ దేశం ఎక్కడుందో తెల్సక్కర్నేదు. ఆ మడిసి మొహం సూత్తే లోపలేటున్నాదో తెలిసిపోవాల. తెలవకపోతే తీసినోడిదైనా తప్పు, సూసీవోడిదైనా తప్పు. ఈ సినిమాలో తీసినోడి తప్పు ఒక్కటీ నేదు. ఆఖర్న పెళ్లాం ఒక మాటంటాది. నువ్వు తవ్వుతా ఉండు, నేను బిందె తెత్తాను అని. మన సినిమాలో అయితే అక్కడ నీళ్లు పైకెగిరి, ఊరోళ్లందరూ గెంతులేత్తారు. ఈడు నీళ్లు సూపించడు. ఆ మాట సాలు. నమ్మకం అంటే అదీ. ఇంక సూడండి."

చప్పట్లు పడ్డాయి. లైట్లు తీశారు.

తెర మీద రాళ్ల నేల వచ్చింది. అడుగున తెలుగక్షరాలు పడ్డాయి. త్రినాధరావు వాటిని చదివాడు. జీవితంలో మొదటిసారి ఒక పరదేశం సినిమా అతను ఎవరి సాయమూ లేకుండా చూస్తున్నాడు. కుడి చెవి పక్కన చల్లగా ఉంది. అది ఏసీ గాలి అనుకున్నాడు.

అరగంట గడిచేసరికి అతనికి చిరాకు మొదలైంది. బావిలోంచి మొగుడు పైకి అరిచేవన్నీ ఒక్క ముక్క మాటలు. "లాగు." "దించు." "ఇంకా." "తొందరగా." తబితా చెప్పినప్పుడు ఇలా లేవు. "అలిసిపోయేవా? నెమ్మదిగా లాగు" అని చెప్పింది. "బువ్వ తిన్నావా?" అని చెప్పింది. ఈ పిల్లకి మాటలు కరువనుకున్నాడు. బస్సు కుదుపులకి రాస్తే ఇలాగే ఉంటుంది.

ఆఖరి ఘట్టం వచ్చింది. పెళ్లాం బావి అంచున నిలబడింది. అరిచేతులు పావడాకి తుడుచుకుంది. కిందికి చూసి మాట్లాడింది. అక్షరాలు ఒకటొకటిగా పడ్డాయి.

పదకొండేళ్లు నీ మట్టి మోశాను.

ఒక్కరోజైనా పైకొచ్చి నా మొహం చూడలేదు.

నిచ్చెన ఇక్కడే ఉంది. ఎక్కుతావో, తవ్వుకుంటావో నీ ఇష్టం.

నేను పోతున్నాను.

ఆమె దారి పట్టుకుని చీమంత అయ్యేదాకా నడిచింది. గునపం చప్పుడు మొదలైంది. తెర నల్లబడింది. లైట్లు వేశారు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ త్రినాధరావు కేసి చూస్తున్నారు. అతను లేచాడు.

"తప్పు రాసేవమ్మా" అన్నాడు సుప్రియతో.

సుప్రియ బక్కపల్చటి పిల్ల. కంగారు పడలేదు. "ఎక్కడండి తాతగారూ?"

"ఆఖర్న. బిందె ఏదీ?"

"బిందె అన్న మాట ఈ సినిమా మొత్తంలో లేదండి."

"నేకపోవడమేటి. ముప్పయ్యారేళ్లయి ఇంటన్నాను నేను ఆ మాట."

సుప్రియ ల్యాప్‌టాప్ తెచ్చి అతని ముందు పెట్టింది. ఇంగ్లీషు మాటలు పక్కన, తన తెలుగు మాటలు పక్కన. అతను ఇంగ్లీషు వైపు కళ్లు చికిలించి, తల తిప్పేసుకున్నాడు. రాజేంద్రప్రసాద్ వంగి చదివాడు. రెండుసార్లు చదివాడు.

"అమ్మాయి రాసింది కరెక్టేనండి. నిచ్చెన, మట్టి, ముఖం. ఇవే ఉన్నాయి." తర్వాత మర్యాదకి, "అప్పట్లో వచ్చిన ప్రింటులో వేరేగా ఉందేమో" అన్నాడు.

"అప్పుడు మీకు ఎవరు చెప్పారండి?" అని అడిగింది సుప్రియ.

"మా ఆవిడ."

వైరు చుట్టుకుంటున్న అయ్యప్ప తలెత్తాడు.

"అయితే ఊర్లో మొదటి ఛానల్ అత్తమ్మగారిదే మావయ్యా. మాది తరవాత."

జనం నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. అయినా త్రినాధరావు నోట్లో చెరుకుపిప్పి రుచి తగిలింది. ఒకరు నమిలి ఇచ్చింది. ఇరాన్, జపాన్, సెనెగల్, అన్నీ. ముప్పయ్యారేళ్లుగా దాన్నే చప్పరించి, ఊరందరికీ రుచులు చెప్పాడు.

"ఆ ఆఖరిది మళ్లీ ఎయ్" అన్నాడు అయ్యప్పతో. "అచ్చరాలు తీసీ. సౌండు కూడా తీసీ."

అయ్యప్ప నవ్వు ఆపి వేశాడు. సగం మంది లేచి బయటికి పోతున్నారు. కుర్చీలు కిర్రుమంటున్నాయి. త్రినాధరావు తెర దగ్గరికంటా నడిచి నిలబడ్డాడు.

పెళ్లాం బావి అంచుకొచ్చింది. తాడు ఒరిసి కాయలు కాచిన అరిచేతులు తుడుచుకుంది. కళ్లు పొడిగా ఉన్నాయి. దవడ బిగిసి ఉంది. మాట్లాడేటప్పుడు ఒక్కసారి కూడా బావిలోకి వంగలేదు. అది బిందె కోసం వెళ్లే మనిషి మొహం కాదు. పసిపిల్లని తెచ్చి నిలబెట్టినా చెబుతుంది.

సాకు వెతికాడు. తబితా చెప్పిన ఆ వేళ కార్బన్ కొట్టుకుపోతోందేమో, దాన్ని సవరిస్తున్నాడేమో. కాదు, కొత్త కార్బన్ వేశాడు. రెండో మిషనుకి మార్చే తొందరలో ఉన్నాడేమో. కాదు, అది ఆఖరి రీలు, మార్చేదేం లేదు. చేతులు ఖాళీ, కళ్లు ఖాళీ. రెండు కళ్లూ పెట్టుకుని ఆ మొహమే చూశాడు. చూసి, చెవిలో పడ్డది నమ్మాడు. మొహాలు నేను చూసుకుంటానన్నవాడు.

అతనికి తన మీద పుట్టిన రోత ఏ డప్పుల సినిమా మీదా పుట్టలేదు.

"సాలు, కట్టీ" అన్నాడు.

*

జాకబ్ పూల ద్వారం కింద నిలబడి ఉన్నాడు. అతనికీ అరవై దాటాయి. వీధిలో ఎండ మండుతోంది. కాసేపు ఇద్దరూ వచ్చే ఆటోలు, పోయే ఆటోలు చూశారు. మొదట జాకబే మాట్లాడాడు.

"బావా, ఈ సినిమా ఇక్కడ ఎప్పుడేసేరు?"

"ఎనబై ఎనిమిది. ఆగస్టు."

"ఆ నెల్లోనే గదా మా తబితా అప్ప ట్రంకుపెట్టె అట్టుకుని మాయింటికొచ్చింది."

"మీయమ్మకి జొరమని వచ్చింది."

జాకబ్ తల అడ్డంగా తిప్పాడు. "అమ్మకి జొరం నేదు. నీకలా సెప్పమంది."

త్రినాధరావు అతని కేసి తిరిగాడు. "మరేటని వచ్చింది?"

"ఇంక ఎల్లనంది. కొట్టేడా అని నాన్నడిగేడు. నేదంది. తాగుతాడా అన్నాడు. నేదంది. మరేటమ్మా అంటే ఏటీ సెప్పదు. నెల్రోజులు మా ఇంట్లోనే వొండి పెట్టి, అక్కడినించే బడికెల్లి వచ్చీది. మతం కానోణ్ణి సేసుకున్నప్పుడు మా మాట ఇన్నావా, ఇప్పుడు మా గుమ్మం ఎందుకెక్కేవు అని నాన్న రోజూ సాదించీవోడు. నేనూ అన్నాను బావా. నాకప్పుడు పెళ్లి సమ్మందాలొత్తన్నాయి. వొదిలేసొచ్చిన అప్ప ఇంట్లో ఉంటే ఎవుడిత్తాడని అన్నాను. ఆదోరం పొద్దున్న రిచ్చా పిల్చి నేనే ఎక్కించేను."

త్రినాధరావుకి ఆ ఆదివారం తెలుసు. గొడుగు సినిమా. రెండో రీలు నడుస్తోంది. ఇనప మెట్ల మీద చప్పుడైంది. తబితా చేత్తో పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడింది. అతను కంత దగ్గరి నుంచి కన్ను తీయలేదు. "ఒక రీలు పోయింది. కూసో" అన్నాడు. నెలరోజుల తర్వాత వచ్చిన పెళ్లాంతో అతనన్న మాట అది. ఆమె పెట్టె కింద పెట్టింది. స్టూలు జరుపుకుంది. నోరు అతని చెవికి ఆనించి చెప్పడం మొదలెట్టింది. ముసలాడు: వాన ఇంకా తగ్గలేదు.

"ఎందుకలా మార్చి సెప్పింది బావా, బావి సినిమాలో మాట?"

"తెల్దు" అన్నాడు త్రినాధరావు.

తెలుసు. ఆ నాలుగు మాటలూ ఆమె తన నోటితో అతని చెవిలో చెప్పాలి. చెప్పాక అవి సినిమా మాటలు కావు. అనడం ఇష్టం లేక బిందె కల్పించింది. మర్నాడో మూడోనాడో మాట లేకుండా పెట్టె పట్టుకుని వెళ్లింది.

జాకబ్ జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "అలగైతే ఒకటి సెప్తాను, కోపం పడకు. బైబిలు వాక్యం వొద్దు. ఆ బిందె మాటే రాయిద్దాం. సినిమాది కాదంటే అది మా అప్ప మాటే గదా. అప్ప మాట అప్ప రాయి మీద ఉంటాది."

"వొద్దు."

"రెండేళ్లయి నువ్వే గదా దానికోసరం దెబ్బలాడేవు."

"అది మాట కాదురా. అరిసే గొడ్డుకేసిన మేత. నేను తిన్నాను. తిని నెమరేసుకున్నాను. దాన్ని రాయి మీదెక్కిత్తే సచ్చేక కూడా నా మట్టి మోసినట్టే."

"పోనీ బైబిలు వాక్యం?"

"ఆ వాక్యం సదివే గదా మీ నాన్న మీ అప్పని సాదించేడు. నువ్వు రిచ్చా ఎక్కించేవు."

త్రినాధరావు గొంతు పెంచలేదు.

"నువ్వు పంపకుండా ఉండాల్సింది."

"పంపకపోతే నీకు సినిమాలు ఎవులు సెప్పీవోళ్లు బావా?"

"ఎవులూ సెప్పీవోళ్లు కారు. నేను గుడ్డోణ్ణని అప్పుడే తెలిసీది."

జాకబ్ ఏడవడం మొదలెట్టాడు. ఫంక్షన్ హాలు ముందు, పూల ద్వారం కింద, అరవై దాటిన మనిషి ముక్కు చీదుతూ ఏడుస్తుంటే త్రినాధరావుకి వెగటు పుట్టింది. ఓదార్చలేదు. ముప్పయ్యారేళ్ల కిందట రావలసిన ఏడుపు ఇప్పుడెందుకు. అది తనకీ రాలేదు, అదీ వెగటే.

జేబులోంచి కాగితం తీశాడు. రాళ్లు చెక్కేవాడికి ఇవ్వడానికి రెండేళ్ల కిందట రాసుకున్నది. మడతల దగ్గర చిరిగిపోవచ్చింది. పైన "శ్రీమతి తబితా" అని ఉంది. దాని కింద "శ్రీ త్రినాధరావు గారి భార్య" అని. దాని కింద బిందె మాట. అడుగున పుట్టిన తేదీకి ఖాళీ, పోయిన తేదీ.

కాగితాన్ని గోడకి ఆనించి, పెన్ను తీసి బిందె మాట కొట్టేశాడు. పెన్ను ఆగలేదు. పై వరస కూడా కొట్టేశాడు. శ్రీమతి అన్నది కూడా కొట్టేశాడు.

జాకబ్ ముక్కు తుడుచుకుని వంగి చూశాడు. "అదేటి బావా, నీ పేరు తీసీసేవు? ఎవుడి పెళ్లామో రాయకపోతే జనం ఏటనుకుంటారు?"

"అనుకోనీ."

"తోటలో అందరి రాళ్ల మీదా ఉంటాది. ఫలానావోడి బార్య అని. పాస్టరు గారు అడుగుతారు."

"అడిగితే నన్నడగమను."

"మరి వొట్టి పేరేనా?"

త్రినాధరావు ఆమె పేరు కింద "టీచరు" అని రాశాడు. అడుగున సంతకం పెట్టాడు. కాగితమూ పెన్నూ జాకబ్ చేతిలో పెట్టాడు. జాకబ్ పెన్ను పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తర్వాత తనూ సంతకం పెట్టాడు.

"ఇక్కడ పుట్టిన తారీకు వొగ్గీసేవు" అన్నాడు.

"నువ్వెయ్యి" అన్నాడు త్రినాధరావు. "నాకు తెల్దు."